555 టైమర్: పనితీరు, లోపాల గుర్తింపు

నిర్ణీత సమయం గడిచాక ఒక స్విచ్ వేయడానికీ, ఆగకుండా పల్స్‌లు పుట్టించడానికీ వాడే ఎనిమిది కాళ్ల ఐసీ 555 టైమర్. అమెరికాకు చెందిన సిగ్నెటిక్స్ కంపెనీ 1972లో దీన్ని మార్కెట్లోకి తెచ్చింది. మిణుకుమనే ఎల్ఈడీ, నీళ్ల ట్యాంకు అలారం, చీకటి పడగానే వెలిగే లైటు, కాసేపు మోగి ఆగే బజర్ లాంటి చిన్న సర్క్యూట్లలో ఎక్కువగా కనిపించేది ఇదే. పాలిటెక్నిక్, ఇంజినీరింగ్ ల్యాబ్ రికార్డుల్లో ఆస్టేబుల్, మోనోస్టేబుల్ ప్రయోగాలు దీనితోనే చేయిస్తారు. హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీలో ‘ట్రిపుల్ ఫైవ్’ అని అడిగితే మరో మాట చెప్పాల్సిన పని ఉండదు.

కట్టిన సర్క్యూట్ మొరాయిస్తే చాలామంది ముందుగా ఐసీ పీకి కొత్తది పెడతారు. ఇది తరచూ దండగ పనే. తప్పు ఐసీ లోపల కంటే దాని చుట్టూ ఉన్న రెసిస్టర్లలో, కెపాసిటర్లలో, వైర్లలో, ఒక్కోసారి కొలిచే మీటరులో ఉంటుంది. లోపల జరిగే పని మూడు నాలుగు వాక్యాల్లో చెప్పగలిగేంత సులువైనది కాబట్టి, అది తెలిసినవారు మామూలు మల్టీమీటరుతోనే తప్పు ఎక్కడుందో పట్టుకోగలరు.

పుట్టుక

రూపకర్త హాన్స్ కామెన్‌జింద్ 1934లో స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్‌లో పుట్టాడు. అమెరికా వెళ్లి స్థిరపడ్డాక 1968లో సిగ్నెటిక్స్‌లో చేరాడు. అక్కడ ఫేజ్ లాక్డ్ లూప్ ఐసీల మీద పనిచేసిన అనుభవంతో, ఉష్ణోగ్రత మారినా లయ తప్పని ఆసిలేటర్‌ను టైమర్‌గా మలచవచ్చని ప్రతిపాదించాడు. అప్పటికే అమ్ముడవుతున్న ఐసీలతో ఎవరికి వారు టైమర్ కట్టుకోవచ్చు కదా, దీనికోసం వేరే ఐసీ ఎందుకని కంపెనీలో కొందరు పెదవి విరిచారు. మార్కెటింగ్ చూసే ఆర్ట్ ఫ్యూరీ మాత్రం సరేనన్నాడు.

1971 వేసవిలో సమీక్షకు వచ్చిన తొలి డిజైన్‌కు తొమ్మిది పిన్నులు కావాలి. ఎనిమిది పిన్నుల ప్యాకేజీలో అది పట్టదు, పద్నాలుగు పిన్నులది వాడాలి. సమీక్ష ముగిసిన కొద్ది రోజులకే కామెన్‌జింద్‌కు మరో ఆలోచన తట్టింది. కెపాసిటర్‌ను స్థిరమైన కరెంటుతో నింపక్కర్లేదు, మామూలు రెసిస్టర్ ద్వారా నింపినా సరిపోతుంది. దాంతో ఒక పిన్ను తగ్గి ఎనిమిదిలో ఇమిడింది. అదే ఏడాది అక్టోబరు నాటికి నమూనాలు సిద్ధమయ్యాయి. చిప్ మీది గీతలన్నిటినీ ఎర్రటి ప్లాస్టిక్ పొర మీద చేత్తో కోసి తయారు చేసిన రోజులవి.

లోపల వరసగా మూడు 5 కిలో ఓమ్ రెసిస్టర్లు ఉండటం వల్లే 555 అన్న పేరు వచ్చిందని క్లాసుల్లో ఇప్పటికీ చెబుతారు. కామెన్‌జింద్ చెప్పింది వేరు: ఆ అంకెను ఫ్యూరీ తనకు తోచినట్టు ఎంచుకున్నాడు, రెసిస్టర్లతో దానికి సంబంధం లేదు.

వచ్చిన కొద్ది కాలానికే ఇతర కంపెనీలూ తయారీ మొదలుపెట్టాయి. రెండు టైమర్లను ఒకే ప్యాకేజీలో పెట్టిన 556, కొంత మార్పుతో నాలుగింటిని ఇమిడ్చిన 558 వచ్చాయి. 1977 నాటి ఆపిల్ 2లో, 1981 నాటి ఐబీఎం పీసీ గేమ్ కార్డులో జాయ్‌స్టిక్‌ను చదివింది ఈ 558 ఐసీయే. కర్రను కదిపితే దాని లోపలి రెసిస్టెన్స్ మారుతుంది, టైమర్ ఇచ్చే పల్స్ పొడవు మారుతుంది, ఆ పొడవును కంప్యూటర్ లెక్కపెట్టుకుంటుంది. అభిరుచి కొద్దీ సర్క్యూట్లు కట్టేవారికి దీన్ని దగ్గర చేసిన పుస్తకాల్లో వాల్టర్ జంగ్ 1977లో రాసిన టైమర్ల గ్రంథం, ఫారెస్ట్ మిమ్స్ 1984లో రేడియో షాక్ దుకాణాల కోసం చేత్తో రాసి, బొమ్మలు గీసి ఇచ్చిన చిన్న నోట్‌బుక్ ముఖ్యమైనవి.

లోపల జరిగేది

555 లోపల గడియారం లాంటిదేమీ లేదు. తయారీదారును బట్టి సుమారు పాతిక ట్రాన్సిస్టర్లు ఉంటాయి. వాటన్నిటి పనీ ఒకే ప్రశ్నకు జవాబు చెప్పడం: బయటి కెపాసిటర్ మీద వోల్టేజీ ఎంతవరకు వచ్చింది?

ఎనిమిదో పిన్నుకు సరఫరా, ఒకటో పిన్నుకు గ్రౌండ్. ఈ రెండింటి మధ్య ఉన్న ఆ మూడు రెసిస్టర్లు సరఫరాను మూడు సమాన భాగాలు చేస్తాయి. 9 వోల్టులు ఇస్తే ఒకచోట 6, మరోచోట 3 వోల్టులు నిలుస్తాయి. ఆరో పిన్ను వోల్టేజీ 6 దాటగానే ఒక కంపారేటర్ స్పందించి ఫ్లిప్‌ఫ్లాప్‌ను తిప్పుతుంది. అప్పుడు మూడో పిన్ను, అంటే అవుట్‌పుట్, కిందికి దిగుతుంది. ఏడో పిన్ను వెనకున్న ట్రాన్సిస్టర్ గ్రౌండ్‌కు దారి తెరుస్తుంది. రెండో పిన్ను వోల్టేజీ 3 కంటే తగ్గితే ఇంకో కంపారేటర్ అంతా తిరగేస్తుంది: అవుట్‌పుట్ పైకి లేస్తుంది, ఏడో పిన్ను దారి మూసుకుంటుంది. మేడ మీది ట్యాంకులో నీళ్లు కింది గీత దాటి తగ్గితే మోటారు వేసి, పై గీత చేరగానే ఆపే మనిషి చేసేదీ ఇదే. నాలుగో పిన్ను రీసెట్. దాన్ని గ్రౌండ్‌కు లాగితే అన్నీ ఆగి అవుట్‌పుట్ పడిపోతుంది. ఐదో పిన్ను ఆ 6 వోల్టుల గీతనే బయటికి చూపిస్తుంది.

రెసిస్టర్ ద్వారా నిండే కెపాసిటర్ మూడింట రెండు వంతులు చేరడానికి పట్టే సమయం సరఫరా వోల్టేజీ మీద ఆధారపడదు. బ్యాటరీ 9 నుంచి 7కు దిగితే నిండే వేగం తగ్గుతుంది. గీతలు కూడా అదే నిష్పత్తిలో కిందికి జారుతాయి కాబట్టి లెక్క సరిపోతుంది. 555 అంత చవకగా ఉండి కూడా నమ్మకంగా పనిచేయడానికి కారణం ఈ ఏర్పాటే. దీని తర్వాత వచ్చిన ఎన్నో గొప్ప ఐసీల్లోనూ ఇంత పొదుపైన ఉపాయం అరుదు.

రెండు సర్క్యూట్లు, రెండు సూత్రాలు

ఆగకుండా పల్స్‌లు ఇచ్చేది ఆస్టేబుల్. ఇందులో సరఫరా నుంచి ఏడో పిన్నుకు ఒక రెసిస్టర్, అక్కడి నుంచి కలిపి ఉన్న రెండు, ఆరు పిన్నులకు ఇంకో రెసిస్టర్, అక్కడి నుంచి గ్రౌండ్‌కు కెపాసిటర్ ఉంటాయి. నిండేటప్పుడు కరెంటు రెండు రెసిస్టర్ల గుండా వస్తుంది, ఖాళీ అయ్యేటప్పుడు రెండోదాని గుండా మాత్రమే పోతుంది. నిండే సమయం రెండు రెసిస్టర్ల మొత్తాన్ని కెపాసిటర్ విలువతోనూ, 0.693తోనూ గుణిస్తే వస్తుంది. ఖాళీ అయ్యే సమయానికి రెండో రెసిస్టర్‌ను మాత్రమే తీసుకోవాలి. మొదటిది 1 కిలో ఓమ్, రెండోది 68 కిలో ఓమ్, కెపాసిటర్ 10 మైక్రోఫారడ్ అయితే ఎల్ఈడీ 0.48 సెకను వెలిగి 0.47 సెకను ఆరుతుంది.

మొదటి రెసిస్టర్‌ను సున్నా చేయలేం కాబట్టి వెలిగే సమయం ఆరే సమయం కంటే ఎప్పుడూ ఎక్కువే. చిన్న మెరుపు, పెద్ద విరామం కావాలంటే రెండో రెసిస్టర్‌కు సమాంతరంగా 1ఎన్4148 డయోడ్ పెట్టి, నిండే కరెంటును ఆ రెసిస్టర్ పక్కనుంచి పంపుతారు.

బటన్ నొక్కితే ఒక్క పల్స్ ఇచ్చి ఊరుకునేది మోనోస్టేబుల్. దాని సమయం 1.1 గుణకం రెసిస్టర్ గుణకం కెపాసిటర్. 100 కిలో ఓమ్, 100 మైక్రోఫారడ్ అయితే 11 సెకన్లు. ఆస్టేబుల్‌లో 0.693, ఇక్కడ 1.1 ఎందుకు? ఆస్టేబుల్‌లో కెపాసిటర్ మూడో వంతు నుంచి బయలుదేరుతుంది, మోనోస్టేబుల్‌లో సున్నా నుంచి. కరెంటు వేసిన వెంటనే ఆస్టేబుల్‌లోని మొదటి వెలుగు మిగతావాటి కంటే సుమారు 1.6 రెట్లు పొడవుగా ఉండటానికీ కారణం ఇదే. అప్పుడు కెపాసిటర్ పూర్తిగా ఖాళీగా ఉంటుంది. దీన్ని లోపమనుకుని భాగాలు మార్చేవారు ఉన్నారు.

తరచూ ఎదురయ్యే లోపాలు

నాలుగో పిన్నును గాలికి వదిలేయడం చాలా మామూలు తప్పు. వాడని పిన్నే కదా అని దేనికీ కలపరు. పాత బైపోలార్ ఎన్ఈ555లో అది తరచూ అదృష్టం కొద్దీ పనిచేస్తుంది కూడా. తర్వాత వచ్చిన సీమాస్ రకం 555లో చెయ్యి దగ్గరికి తెస్తే ఆగిపోయి, తీస్తే మొదలయ్యే వింత కనిపించవచ్చు. రీసెట్ వాడనప్పుడు దాన్ని నేరుగా సరఫరాకు కలపాలి. ఐదో పిన్ను నుంచి గ్రౌండ్‌కు 0.01 మైక్రోఫారడ్ సిరామిక్ కెపాసిటర్ పెట్టాలి. దాని మీద 103 అని ఉంటుంది. అది లేకపోతే సరఫరాలోని గరగర పై గీతను కదిలించి సమయాన్ని తడబెడుతుంది.

సరఫరా సంగతి అంతకంటే ముఖ్యం. ఎన్ఈ555 అవుట్‌పుట్‌లో ఒకదానిపై ఒకటి రెండు ట్రాన్సిస్టర్లు ఉంటాయి. కింది స్థితి నుంచి పై స్థితికి మారే క్షణంలో రెండూ ఒకేసారి తెరుచుకుని సరఫరాను గ్రౌండ్‌కు దాదాపు షార్ట్ చేస్తాయి. ఆ క్షణికమైన కరెంటు 300 నుంచి 400 మిల్లీఆంపియర్ల దాకా పోతుందని సీమాస్ రకం తయారీదారుల డేటాషీట్లు ఎత్తిచూపుతాయి. పొడవాటి వైర్లతో బ్రెడ్‌బోర్డుకు సరఫరా ఇస్తే ఈ కుదుపుకు వోల్టేజీ పడి లేస్తుంది. పక్కనున్న కౌంటర్ ఐసీ ఒక పల్స్‌ను రెండుగా లెక్కపెడితే దోషం సాధారణంగా కౌంటర్‌ది కాదు. ఒకటి, ఎనిమిది పిన్నులకు వీలైనంత దగ్గరగా 0.1 మైక్రోఫారడ్ సిరామిక్, దానితోపాటు 10 నుంచి 100 మైక్రోఫారడ్ ఎలక్ట్రోలిటిక్ పెడితే ఈ తిప్పలు చాలావరకు పోతాయి. పుస్తకాల బొమ్మల్లో ఈ రెండు కెపాసిటర్లూ తరచూ కనిపించవు. గీసినవాళ్లు వాటిని చెప్పకనే తెలిసినవిగా అనుకుంటారు, కొత్తగా కట్టేవాళ్లు అక్కర్లేనివిగా అనుకుంటారు.

ఎన్ఈ555కు కనీసం 4.5 వోల్టులు కావాలి. రెండు పెన్సిల్ సెల్స్ మీదో, 3.7 వోల్టుల లిథియం సెల్ మీదో అది పనిచేయలేదంటే ఐసీ పాడైనట్టు కాదు. అవుట్‌పుట్ కూడా సరఫరా అంత ఎత్తుకు ఎగబాకదు, దాదాపు వోల్టున్నర కిందే ఆగుతుంది. 5 వోల్టులు ఇస్తే వచ్చేది 3.3 దరిదాపుల్లో ఉంటుంది. తెల్ల ఎల్ఈడీ నీరసంగా వెలగడానికి తరచూ ఇదే కారణం.

బ్రెడ్‌బోర్డు సంగతి వేరే చెప్పాలి. పొడవాటి రకాల్లో పక్కల ఉండే ఎరుపు, నీలం పట్టాలు చాలావాటిలో మధ్యలో తెగి ఉంటాయి. పైకి గీత ఒకటే అనిపించినా కింది సగానికి కరెంటు రాదు. క్లిప్పులు అరిగిన బోర్డులో రెసిస్టర్ కాలు దూరినట్టే ఉంటుంది గానీ తగలదు. వేలితో నొక్కితే పనిచేసి, వదిలితే ఆగుతుంది. సోల్డర్ చేసిన బోర్డులో దీనికి అన్న లాంటిది డ్రై సోల్డర్.

మోనోస్టేబుల్‌లో ఎక్కువగా వినిపించే ఫిర్యాదు: బటన్ వదిలేదాకా అవుట్‌పుట్ దిగదు. రెండో పిన్ను కింద ఉన్నంతసేపూ ఐసీ అవుట్‌పుట్‌ను పైనే ఉంచుతుంది, సమయం అయిపోయినా సరే. బటన్‌కూ రెండో పిన్నుకూ మధ్య 0.01 మైక్రోఫారడ్ కెపాసిటర్, రెండు పక్కలా సరఫరాకు 10 కిలో ఓమ్ రెసిస్టర్లు పెడితే ఎంతసేపు నొక్కినా ఒక చిన్న కుదుపే లోపలికి చేరుతుంది. ఆ పైకి లాగే రెసిస్టర్ అసలే లేకపోతే ఇంకో తంటా. గాలికి వేలాడే రెండో పిన్ను ఇంటి కరెంటు తాలూకు 50 హెర్ట్జ్ సంకేతాన్ని యాంటెన్నాలా అందుకుని, ఎవరూ నొక్కకుండానే పల్స్ ఇస్తుంది. పిల్లల ప్రాజెక్టు పుస్తకాల్లో కనిపించే ‘టచ్ స్విచ్’ ఈ బలహీనతతోనే పనిచేస్తుంది. వేలు తగలగానే శరీరం అందుకున్న ఆ 50 హెర్ట్జ్ సంకేతం ఐసీని ట్రిగ్గర్ చేస్తుంది. అందుకే ఇంట్లో చక్కగా పనిచేసిన టచ్ స్విచ్, కరెంటు తీగలకు దూరంగా ఆరుబయట బ్యాటరీ మీద పెడితే మొండికేస్తుంది.

నిజంగా ఐసీని చంపే తప్పులు కొన్నే. ఆస్టేబుల్‌లో మొదటి రెసిస్టర్ బదులు పాట్ పెట్టి చివరిదాకా తిప్పితే ఏడో పిన్ను నేరుగా సరఫరాకు తగులుతుంది. డిశ్చార్జ్ ట్రాన్సిస్టర్ తెరుచుకోగానే అడ్డు లేని కరెంటు పారి అది కాలిపోతుంది. పాట్‌కు వరసగా 1 కిలో ఓమ్ రెసిస్టర్ ఉంటే చాలు. సరఫరా తారుమారు చేయడం మరొకటి. మూడోది రిలే. కాయిల్‌లో కరెంటు ఆగిన క్షణాన పుట్టే ఎదురు వోల్టేజీ అవుట్‌పుట్‌ను గ్రౌండ్ కంటే కిందికి లాగుతుంది. ఐసీ చావకపోయినా పిచ్చిగా ప్రవర్తిస్తుంది, తనను తానే మళ్లీ ట్రిగ్గర్ చేసుకుంటుంది. కాయిల్‌కు అడ్డంగా, గీత ఉన్న వైపు సరఫరాకు వచ్చేలా 1ఎన్4007 డయోడ్ పెట్టి, రిలేను బీసీ547 లాంటి ట్రాన్సిస్టర్ ద్వారా నడపడం మంచి పద్ధతి.

పొడవైన సమయాల చిక్కు

పది నిమిషాల టైమర్ కట్టాలని పెద్ద కెపాసిటర్, పెద్ద రెసిస్టర్ తీసుకుంటారు. 4.7 మెగా ఓమ్, 100 మైక్రోఫారడ్ అయితే సూత్రం ప్రకారం 517 సెకన్లు, అంటే ఎనిమిదిన్నర నిమిషాల పైచిలుకు. కట్టి చూస్తే పదిహేను నిమిషాలైనా ఆగకపోవచ్చు, అసలు ఎప్పటికీ ఆగకపోవచ్చు.

సూత్రం తప్పు కాదు, అది లీక్ కాని కెపాసిటర్‌ను ఊహించుకుంటుంది. 9 వోల్టుల సరఫరాలో కెపాసిటర్ 6 వోల్టులకు చేరే సమయానికి రెసిస్టర్ మీద మిగిలేది 3 వోల్టులే. 4.7 మెగా ఓమ్ గుండా అప్పుడు వచ్చే కరెంటు 0.64 మైక్రోఆంపియర్. మామూలు ఎలక్ట్రోలిటిక్ లోపలి లీకేజీ ఇంతకు మించితే, వచ్చిందంతా కారిపోయి వోల్టేజీ 6 దాకా ఎక్కదు. 16 వోల్టుల 100 మైక్రోఫారడ్ కెపాసిటర్‌కు డేటాషీట్లు సాధారణంగా అనుమతించే గరిష్ఠ లీకేజీ 16 మైక్రోఆంపియర్లు. మంచి కెపాసిటర్ అంత లీక్ కాదు గానీ, ఏళ్ల తరబడి డబ్బాలో పడి ఉన్నది కావచ్చు. దీనికి తోడు విలువలోనే 20 శాతం అటూ ఇటూ ఉండటం మామూలు.

ఇక్కడే మీటరు కూడా మోసం చేస్తుంది. చాలామంది దగ్గర ఉండే 830 రకం చవక డిజిటల్ మల్టీమీటర్ లోపలి రెసిస్టెన్స్ 1 మెగా ఓమ్. దాన్ని ఆరో పిన్ను మీద పెట్టి చూస్తుంటే 4.7 మెగా ఓమ్, 1 మెగా ఓమ్ కలిసి 9 వోల్టులను పంచుకుంటాయి, కెపాసిటర్ 1.6 వోల్టుల దగ్గరే ఆగిపోతుంది. మీటరు తీస్తే సర్క్యూట్ నడుస్తుంది, పెడితే ఆగుతుంది. 10 మెగా ఓమ్ మీటరుతో దెబ్బ తగ్గుతుంది తప్ప పోదు. ఇలాంటి చోట సమయాన్ని అవుట్‌పుట్ దగ్గర మాత్రమే చూడాలి.

నిమిషాలు, గంటల లెక్క కావాలంటే 555ను బలవంతపెట్టడం కంటే సీడీ4060 లాంటి ఐసీ నయం. దానిలోని ఆసిలేటర్ వేగంగా తిరుగుతుంది, వెనకున్న పద్నాలుగు దశల కౌంటర్ దాన్ని 16,384తో భాగిస్తుంది. లీక్ కాని చిన్న ఫిల్మ్ కెపాసిటర్‌తోనే పొడవైన సమయం వస్తుంది.

మీటరుతో వెతికే వరస

ముందు ఒకటి, ఎనిమిది పిన్నుల మధ్య వోల్టేజీని బ్రెడ్‌బోర్డు పట్టా మీద కాకుండా ఐసీ కాళ్ల మీదే చూడాలి. నాలుగో పిన్ను సరఫరా అంతే ఉందా చూశాక ఐదో పిన్ను. 9 వోల్టుల సరఫరాకు అక్కడ 6 కనిపిస్తే లోపలి రెసిస్టర్లు బాగున్నట్టే. ఆ పిన్ను వెనక రెసిస్టెన్స్ మూడున్నర కిలో ఓమ్‌ల లోపే కాబట్టి చవక మీటరు కూడా నిజమే చెబుతుంది. 6కు బదులు సున్నానో పూర్తి సరఫరానో కనిపిస్తేనే ఐసీని అనుమానించాలి, అదీ ఆ పిన్నుకు ఇంకేమీ తగలడం లేదని చూసుకున్నాక.

తర్వాత రెండు, ఆరు పిన్నులు. ఆస్టేబుల్‌లో ఇవి 3కూ 6కూ మధ్య ఊగాలి. 6 దాకా ఎక్కలేకపోతే రెసిస్టర్ లేదా లీకేజీ. 6 దాటి సరఫరా దాకా పోయి నిలిస్తే ఏడో పిన్ను దారి తెగింది. ఊగాల్సిన చోట ఊగుతూ అవుట్‌పుట్ మాత్రం కదలకపోతే మూడో పిన్నుకు కలిపిన బరువును తీసి చూడాలి.

వేగంగా తిరిగే సర్క్యూట్‌ను మీటరు చూపలేదు, సగటు మాత్రమే చెబుతుంది. ఆసిలోస్కోప్ లేనివారు కెపాసిటర్‌ను తాత్కాలికంగా వెయ్యి రెట్లు పెద్దదానితో మార్చి, కిలోహెర్ట్జ్‌ను కంటికి కనిపించే మిణుకుగా నెమ్మదింపజేస్తారు. తప్పు దొరికాక పాతది మళ్లీ పెట్టుకుంటారు.

సీమాస్ రకాలు

ఇంటర్‌సిల్ తెచ్చిన ఐసీఎం7555, టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వారి టీఎల్‌సీ555 లాంటివి పిన్నుకు పిన్నుగా పాతదాని స్థానంలో కూర్చుంటాయి. 2 వోల్టులకే పనిచేస్తాయి. ఎన్ఈ555 ఊరికే కూర్చుని 5 వోల్టుల దగ్గర 3 మిల్లీఆంపియర్లు తాగితే 7555కు వంద మైక్రోఆంపియర్ల లోపే సరిపోతుంది. సరఫరాను కుదిపే ఆ క్షణికమైన షార్ట్ వీటిలో 2, 3 మిల్లీఆంపియర్లకు మించదు. బ్యాటరీ మీద నెలల తరబడి నడవాల్సిన పరికరానికి పాత రకం ఎంచుకోవడానికి కారణమే లేదు.

అయితే పాతదానికున్న కండబలం వీటికి లేదు. ఎన్ఈ555 అవుట్‌పుట్ 200 మిల్లీఆంపియర్ల దాకా ఇవ్వగలదు, లాగుకోగలదు. టీఎల్‌సీ555 అయితే లాగుకునేది 100, ఇచ్చేది 10 మిల్లీఆంపియర్లు. పాత సర్క్యూట్‌లో ఐసీ మార్చాక మూడో పిన్నుకూ గ్రౌండ్‌కూ మధ్య ఉన్న చిన్న రిలే కొట్టుకోవడం మానేస్తే, ఎల్ఈడీ మసకబారితే, కారణం ఈ తేడాయే. బరువును గ్రౌండ్ వైపు నుంచి తీసి సరఫరాకూ మూడో పిన్నుకూ మధ్య పెట్టినా, ఒక ట్రాన్సిస్టర్ జోడించినా సర్దుకుంటుంది. మొదటి పద్ధతిలో వెలిగే వేళ, ఆరే వేళ తారుమారవుతాయి.